గద్దె మీది తల: బెనిన్ గురించి తెలుగులో రాసేవారికి బహిరంగ లేఖ

తెలుగులో ప్రపంచ చరిత్ర పాఠాలు, విజ్ఞాన సర్వస్వాలకు వ్యాసాలు, పోటీ పరీక్షల పుస్తకాలు, ఆదివారం అనుబంధాలకు కళల పరిచయాలు రాసేవారికీ, అనువదించేవారికీ,

నమస్కారం.

పోతపనీ ఆఫ్రికా కళల చరిత్రా తెలిసిన కొందరం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. పశ్చిమాఫ్రికా బెనిన్ రాజ్యం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఇంగ్లిషు పేరాను ముందు పెట్టుకుని మాటకు మాట దించేయడం మనకు అలవాటైపోయింది. 1897లో బ్రిటిష్ సైన్యం అక్కడి రాజప్రాసాదం నుంచి ఎత్తుకుపోయిన లోహపు తలలకూ ఫలకాలకూ మనం వాడే ‘బెనిన్ దేశపు కంచు విగ్రహాలు’ అనే పేరు అలా తయారైన మాటే. అందులో నాలుగు పదాలుంటే మూడు తప్పు. ఆ దేశం వేరు, ఆ లోహం కంచు కాదు, వాటిలో విగ్రహాలనదగ్గవి కొన్నే. మేము అడిగేది ఒక్కటి: ప్రతి వస్తువునూ అది చేసిన పనితో పిలవండి. అలా పిలవాలంటే రాజు ఎవరో, ఆ వస్తువు ఏ చోట ఉండేదో ముందు తెలియాలి. తెలిశాక సరైన తెలుగు మాట దానంతటదే దొరుకుతుంది.

ముందు ఊరి సంగతి. ఈ రాజ్యం ఉన్నది ఇప్పటి నైజీరియా దక్షిణాన, ఎడో రాష్ట్రంలో. రాజధాని బెనిన్ సిటీ. జనం ఎడోలు, వాళ్ళ భాష కూడా ఎడోనే. బెనిన్ రిపబ్లిక్ అనే దేశం వేరు. దాని పాత పేరు దహోమీ. 1975లో తీరంలోని అఖాతం పేరు తీసుకుని బెనిన్ అయింది. ఆ దేశంలో అబొమే రాజధానిగా మరో రాజవంశం ఉండేది. దాని సింహాసనాలనూ ప్రాసాదం తలుపులనూ 1892లో ఫ్రెంచి సైన్యం ఎత్తుకుపోయింది. 2021 నవంబరులో ఫ్రాన్స్ తిరిగిచ్చిన 26 వస్తువులు ఆ దేశానివి. అదే ఏడాది అక్టోబరు చివర్లో కేంబ్రిడ్జిలోని జీసస్ కాలేజీ ఒక ఇత్తడి కోడిపుంజునూ, అబర్డీన్ విశ్వవిద్యాలయం ఒక రాజు తలనూ ఇచ్చింది మాత్రం నైజీరియావాళ్ళకు. పక్షం రోజుల తేడాలో ‘బెనిన్’ అనే పేరుతోనే రెండు వార్తలు. వాటిని ఒకటిగా కలిపేస్తే రెండూ చెడతాయి.

ఇక లోహం. రాగీ తగరం కలిస్తే కంచు, రాగీ తుత్తునాగం కలిస్తే ఇత్తడి. ఈ తేడా తెలుగువాళ్ళకు ఒకరు నేర్పాలా? కంచు కంచంలో తిన్నాం, ఇత్తడి బిందెతో నీళ్ళు మోశాం. ‘బ్రాంజ్’ అనేది యూరప్ వేలంశాలల్లో స్థిరపడిన పిలుపు. పరీక్షించి చూస్తే ఈ వస్తువుల్లో చాలావాటి లోహం, కొంత సీసం కలిసిన ఇత్తడి. కాబట్టి ‘బెనిన్ ఇత్తడి’ అనండి, సరిపోతుంది. నిజంగా కంచు అనవలసినవి నైజీరియాలోనే వేరేచోట ఉన్నాయి. ఇగ్బో-ఉక్వులో దొరికిన, సుమారు 9వ శతాబ్దం నాటి పాత్రలవి. తగరమూ సీసమూ కలిసిన రాగితో, మైనపు పోతలో చేశారు. మేము ఇది లోహశాస్త్రం కోసం మాత్రమే చెప్పడం లేదు. ‘ఆఫ్రికా వాళ్ళకు పోతపని పోర్చుగీసువాళ్ళు నేర్పారు’ అన్న వాక్యం ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. పోర్చుగీసు ఓడలు బెనిన్ చేరింది 1480ల మధ్యలో. అప్పటికి ఇగ్బో-ఉక్వు పోతలకు సుమారు ఆరు వందల ఏళ్ళు. ఇఫే నగరపు తలలు కూడా పోర్చుగీసువాళ్ళ కంటే ముందువే. ఎడోల సంప్రదాయమైతే, ఓబా ఒగువోలా ఇఫే రాజును అడిగి ఇగ్వేఘా అనే పోతగాణ్ణి రప్పించుకున్నాడని చెబుతుంది. (ఇఫే తల బొమ్మ వేసి కింద బెనిన్ అని రాయడం ఇంకో పొరపాటు. ఇఫే యొరుబాల నగరం.)

పోర్చుగీసువాళ్ళు తెచ్చింది విద్య కాదు, సరుకు. గుర్రపు నాడాలాగా వంచిన ఇత్తడి కడియాలను ఓడలకెత్తి తెచ్చేవారు. వాటికి మనిల్లాలని పేరు. మిరియాలకూ, ఏనుగు దంతానికీ, బట్టకూ, బానిసలకూ అదే వెల. 1548లో ఆగ్స్‌బర్గ్ వ్యాపారులైన ఫగ్గర్లు ఈ కడియాల సరఫరాకు పోర్చుగల్ రాజుతో ఒప్పందమే కుదుర్చుకున్నారు. మునిగిన ఓడల్లో దొరికిన మనిల్లాలలోని సీసాన్ని పరీక్షించి, ఆ ఇత్తడి జర్మనీలోని రైన్‌ నదీ ప్రాంతపు ఖనిజంతో తయారైనదని 2023లో తేల్చారు. బెనిన్ పనివాళ్ళ ఇత్తడితో అది సరిపోలింది. అంటే జర్మనీలో పుట్టిన లోహం, బెనిన్‌లో రూపం దాల్చి, 1897 తర్వాత మళ్ళీ జర్మన్ మ్యూజియాలకే చేరింది. ఇందులో ఎంత భాగం మనుషుల్ని అమ్మగా వచ్చినదో మరిచిపోకుండా రాయండి. బెనిన్ రాజులు చాలాకాలం మగ బందీల ఎగుమతిని ఆపారన్నది నిజం. అసలు అమ్మకమే లేదనడం మాత్రం అబద్ధం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

బెనిన్ రాజును ఓబా అంటారు. పన్నెండో శతాబ్దం చివరా పదమూడో శతాబ్దం మొదలూ అనదగిన కాలంలో మొదటి ఎవెకాతో మొదలైన వంశం ఇప్పటికీ సాగుతోంది. 2016 అక్టోబరు 20న పట్టాభిషిక్తుడైన రెండో ఎవువారె ఇప్పటి ఓబా. ఇక్కడ మన అనువాదాల్లో ‘దైవాంశ సంభూతుడు’ అన్న మాట ఠక్కున వచ్చి కూర్చుంటుంది. ‘నావిష్ణుః పృథివీపతిః’ అని విన్న చెవులు మనవి. కానీ ఓబా ఏ దేవుడి అవతారమూ కాడు. అతని శక్తికి మూలం తండ్రి, తాత, ముత్తాత, అలా వెనక్కి వెళ్ళే దివంగత రాజుల వరస. బతికున్న రాజు ఆ వరసకు ఈ లోకంలో ఉన్న కొస. దీనికి తోడు సముద్రానికీ సంపదకూ అధిదేవుడైన ఒలోకున్‌కి అతను సాటి: నీళ్ళకు ఒలోకున్ ఎంతో నేలకు ఓబా అంత. అందుకే కొన్ని పోతల్లో ఓబా కాళ్ళకు బదులు బురదచేపలు కనిపిస్తాయి. మన కొర్రమీనులాగా నీళ్ళు తగ్గినా బురదలో బతికే రకం అది. రెండు లోకాల్లో మసలగలది. చేపకాళ్ళను ‘విచిత్ర కల్పన’ అని వదిలేస్తే, రాజంటే ఏమిటో చెప్పే వాక్యాన్నే కొట్టేసినట్టు.

ఓబా తింటాడని, నిద్రపోతాడని, స్నానం చేస్తాడని పాతరోజుల్లో ఎవరూ అనకూడదు. అది శిక్షార్హమైన నేరం. చనిపోయాడని అసలే అనరు. చిరుతకు ఒంట్లో బాగా లేదంటారు. 2016 ఏప్రిల్‌లో ఓబా ఎరెడియావువా కాలం చేసిన సంగతిని పురప్రముఖుల్లో పెద్దవాడైన ఇయాసే ప్రకటించినప్పుడు తెల్ల సుద్దను నేలకేసి పగలగొట్టారు. దీన్ని ‘మూఢ నిషేధాలు’ అనే శీర్షిక కింద పెట్టాల్సిన పని లేదు. బియ్యం అయిపోయాయనకుండా నిండుకున్నాయనే జనం మనం. దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం. ఆ చెవితో వింటే చాలు, తెలుగు పాఠకుడికి ఇట్టే అర్థమవుతుంది.

తల విషయం కూడా అంతే. మనకు తలరాత ఉంది, కానీ రాసేది పైవాడు. ఎడోలకు తలే దైవం. మనిషి బుద్ధి, అదృష్టం, దారి, అన్నీ అక్కడే ఉంటాయి. దానికి ఏటా పూజ చేస్తారు. డిసెంబరులో జరిగే ఇగ్యే ఉత్సవంలో ప్రధానమైనది ఓబా తల పూజ. అతని తల చల్లగా ఉంటేనే రాజ్యం తల చల్లగా ఉంటుంది. చేతికి వేరే పూజ ఉంది. సొంత కష్టంతో సాధించినదంతా చేతి ఖాతాలో పడుతుంది. గుండ్రటి దిమ్మ రూపంలో ఉండే ఆ పూజావస్తువు పేరు ఇకెగోబో. పద్దెనిమిదో శతాబ్దపు సేనాని ఎహెనువా ఇకెగోబోను ఇత్తడిలోనే పోత పోశారు. తలరాతకు ఒకటి, చేతిసత్తువకు ఒకటి: ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

ఇక గద్దె. ఇంగ్లిషులో ‘ఆల్టర్’ అని ఉంటే తెలుగులో బలిపీఠం అని రాసేస్తున్నారు. బలిపీఠమంటే మనకు గుడిలో ధ్వజస్తంభం దగ్గరి రాతి దిమ్మ గుర్తొస్తుంది, లేదా సినిమా పోస్టరు. గద్దె అనండి. మేడారం వెళ్ళిన ఎవరికైనా గద్దె అంటే ఏమిటో తెలుసు. మట్టితో ఎత్తుగా కట్టి, పెద్దలను నిలిపే చోటు. బెనిన్ ప్రాసాదంలోనిదీ అదే పోలికలో ఉంటుంది. నేల మీద అర్ధచంద్రాకారంలో ఎత్తు కట్టిన మట్టి అరుగు. కొత్త ఓబా చేయాల్సిన మొదటి పనుల్లో ఒకటి, తండ్రికి గద్దె కట్టించి దాని మీదికి ఇత్తడి వస్తువులు పోత పోయించడం. 1897కు ముందు ఒక్కో రాజుకు గోడలు కట్టిన విడి ప్రాంగణం, అందులో విడి గద్దె ఉండేవి.

దాని మీద ఏముంటాయో చూడండి. గోడకు ఆనించి చప్పుడుకర్రలు. వీటి పేరు ఉఖురె. పైకొసలో తొలిచిన బోలులో ఒక పుల్ల వదులుగా ఆడుతుంటుంది. కర్రను నేలకేసి తాటిస్తే గలగలమంటుంది. ఆ చప్పుడుకు పెద్దలు పలుకుతారు. ముందు వరసలో నాలుగు పలకల గంటలు. మధ్యలో రాజును పరివారంతో చూపే చిన్న పోతబొమ్మల గుంపు. పిడుగురాళ్ళనుకునే పాత రాతి గొడ్డళ్ళు. అటూ ఇటూ ఇత్తడి తలలు, వాటి నడినెత్తిన గుండ్రటి కంత, ఆ కంతలో నిలబెట్టిన ఏనుగు దంతం. దంతం మీద అడుగు నుంచి కొసదాకా రాజులు, చిరుతలు, బురదచేపలు, పోర్చుగీసువాళ్ళు వరసలు వరసలుగా చెక్కి ఉంటారు. వేటలో ఏనుగు చస్తే ఒక దంతం ఓబాదే, రెండోది కొనే మొదటి హక్కూ అతనిదే. చెక్కే హక్కు ఇగ్బెసన్‌మ్వన్ అనే దంతపు, కర్రపనివాళ్ళ సంఘానిది.

మ్యూజియం గాజుపెట్టెలో దంతం లేకుండా తల ఒక్కటే కనిపిస్తుంది. నెత్తి మీద కంత చూసి ‘అసంపూర్ణ శిల్పం’ అనుకున్నవాళ్ళూ ఉన్నారు. కంత ఉన్నది దంతం కోసం. ఆ తల నేలకు ఆనిన పీట, దంతం ఆకాశానికి లేచిన స్తంభం. ఈ తలలను ‘ఫలానా రాజు ముఖచిత్రం’ అని రాయొద్దు. వాటి మీద పేర్లుండవు, పోలికలు పట్టి చేసినవీ కావు. రాచరికపు ముఖం అది: గడ్డం దాకా కప్పేసిన పగడాల కంఠెలు, పగడాల వల టోపీ, తొణకని చూపు. ముక్కూ మొహమూ కన్నా పగడాలనే జాగ్రత్తగా లెక్కపెట్టి చేసి ఉంటారు, చూడండి. టోపీకి రెండువైపులా రెక్కల్లాంటి కొమ్ములు లేస్తే అది పంతొమ్మిదో శతాబ్దం తల. ఓబా ఒసెమ్‌వెండే కాలంలో వచ్చిన మార్పు అది. టోపీ ముందుకు వంగి కోడిముక్కులా మొనదేలి ఉంటే అది రాజమాతది, ఇయోబా అనే పదవిది. పురప్రముఖుల ఇళ్ళ గద్దెల మీద కర్ర తలలు, పోతపనివాళ్ళ సొంత ఇళ్ళలో మట్టి తలలు. ఇత్తడి తల రాచగద్దెకే.

ఆ తల ఎలా పుడుతుందో కొంచెం దగ్గరగా చెప్పాలి. ఇక్కడే అనువాదాలు ‘మైనం కోల్పోయిన పద్ధతి’ అంటూ బోర్లా పడతాయి. మనకు మాట ఉంది: మైనపు పోత. శిల్పశాస్త్రాల్లో మధూచ్ఛిష్ట విధానం. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఉషేగావ్, కేస్లగూడల్లో ఓజాలు గోండుల దేవతల కోసం ఇప్పటికీ చేస్తున్న పని ఇదే. తేడా ఒకటుంది. ఓజాలు మైనాన్ని దారాల్లా తీసి మట్టి ముద్ద చుట్టూ చుడతారు. బెనిన్ పనివాళ్ళు పలచటి రేకులా సాగదీసి కప్పుతారు. పగడాలు చూపడానికి మైనం దారాలూ చిన్న ఉండలూ పైన అతికిస్తారు.

ముందు మట్టితో లోపలి గుండు చేసి బాగా ఎండబెడతారు. దాని మీద తేనెమైనం రేకు. రేకు ఎంత మందమో పోత అంత మందం. కళ్ళు, పెదాలు, కనుబొమల మీది గాట్లు మైనంలోనే తీర్చాలి. లోహంలో సరిదిద్దుకుందాంలే అనుకుంటే కుదరదు. తర్వాత ఇనుప మేకులు మైనంలోంచి గుండులోకి దిగ్గొడతారు. మైనం కరిగిపోయాక గుండు గాల్లో నిలబడాల్సింది ఈ మేకుల మీదే. లోహం దిగడానికి ఒక దారీ, గాలి పోవడానికి చిన్న దారులూ మైనం కడ్డీలతో పెడతారు. ఆ పైన సన్నగా జల్లించిన మట్టి పలచటి పూత, నీడన ఆరాక రెండో పూత, చివర్లో ముతక మట్టి దళసరిగా, చుట్టూ తీగ బిగింపు. నోరు కిందికి పెట్టి కాలిస్తే మైనం కారిపోతుంది. వేడి మీద ఉండగానే తిరగేసి నేలలో పాతి, మూసలో కరిగిన ఇత్తడి ఆపకుండా పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడతారు. అచ్చు ఒక్కసారికే, అందుకే ఈ తలల జంటల్ని ‘అచ్చు గుద్దినట్టు’ అనకండి. అచ్చు మిగిలితేగా గుద్దడానికి!

ఎక్కడ చెడుతుందంటే, మొట్టమొదట తేమ దగ్గర. పూతలో చెమ్మ మిగిలితే ఇత్తడి పడగానే ఆవిరై అచ్చు పగులుతుంది, పక్కనున్నవాళ్ళ ఒళ్ళు కాలుతుంది. లోహం వేడి చాలకపోయినా, అచ్చు చల్లబడినా పలచటి చోట్లకు ఇత్తడి పాకదు, చెవి అంచో పగడాల వరసో ఖాళీ ఉండిపోతుంది. వేడి మితిమీరితే ఇంకో చిక్కు. ఇత్తడి కరిగేది 900 డిగ్రీల సెల్సియస్ దాటాక, తుత్తునాగం మరిగేది 907 దగ్గర. ఆదమరిస్తే తుత్తునాగం తెల్లటి పొగై పోతుంది. పీల్చినవాడికి జ్వరం, మిగిలినది ఎర్రబడ్డ చిక్కటి లోహం. సీసం కొంత ఉంటే ద్రవం చక్కగా పారుతుంది, సన్నటి గీత కూడా నిండుతుంది. ఇక మేకు జారి గుండు పక్కకు ఒరిగితే ఒకవైపు మందం, మరోవైపు చిల్లు. ఆ చిల్లు దగ్గర మళ్ళీ మైనం పెట్టి, మట్టి మెత్తి, అతుకు పోత పోస్తారు. మ్యూజియంలో అవకాశముంటే తల లోపలివైపు చూడండి. తుప్పు మరకలు కనిపిస్తే మేకుల చోట్లు, ఉబ్బెత్తు మచ్చలు కనిపిస్తే అతుకులు. బయటి ముఖం రాజుది, లోపలి ముఖం పనివాడిది.

లెక్క కూడా చెప్పేస్తాం. ఇత్తడి సాంద్రత 8.5 దాకా, మైనానిది 0.96. కాబట్టి కిలో మైనానికి తొమ్మిది కిలోల ఇత్తడి సిద్ధంగా ఉండాలి, దారుల్లో మిగిలేది అదనం. తల ఉపరితలం 2000 చదరపు సెంటీమీటర్లనుకుంటే, రెండు మిల్లీమీటర్ల మందంలో పోస్తే మూడున్నర కిలోల లోపు, ఆరు మిల్లీమీటర్లయితే పది కిలోలు. తొలినాటి తలలు పలచన, పంతొమ్మిదో శతాబ్దానివి ఎత్తూ బరువూ. తొలిదశలో లోహం అరుదు, పనివాడి చెయ్యి పొదుపు. తర్వాత కడియాలు వచ్చి పడ్డాయి, మోయాల్సిన దంతాలూ పెద్దవయ్యాయి. పలచగా పోయడమే కష్టం కనుక పాతవాటినే గొప్ప పోతలుగా ఎంచుతాం మేము. గద్దె లెక్కలో మాత్రం పెద్దదే గొప్ప. ఎవరి కొలమానంతో తూస్తున్నారో చెప్పి తూయండి.

ఈ పనంతా చేసేది ఇగున్ ఎరొన్‌మ్వొన్ అనే పోతపనివాళ్ళ సంఘం. వాళ్ళ వీధి బెనిన్ సిటీలో ఇప్పటికీ ఉంది, కొలుములూ నడుస్తున్నాయి. పాత రోజుల్లో ఓబా సెలవు లేకుండా ఇత్తడి పోయకూడదు. ‘అజ్ఞాత శిల్పులు’ అని రాసే ముందు ఆ సంఘం పేరు రాయండి. వ్యక్తుల పేర్లు నమోదు కాలేదన్నంత మాత్రాన పనివాళ్ళు అనామకులు కారు.

గోడఫలకాల గురించి నాలుగు ముక్కలు. పదహారు, పదిహేడు శతాబ్దాలవి, ఎనిమిది వందలకు పైగా మిగిలాయి. చాలావాటి ఎత్తు ముప్పావు మూర నుంచి మూర. నిజానికి ఇవి గోడవి కావు. ప్రాసాదపు కప్పును మోసే కర్ర స్తంభాలకు మేకులతో కొట్టినవి. మూలల్లో ఆ మేకుల కంతలే కనిపిస్తాయి. స్తంభాలను పైనుంచి కిందిదాకా పోతరేకులు కప్పి ఉన్నాయని 1668లో అచ్చయిన డచ్చి వర్ణనలో ఉంది. వెనక నేపథ్యంలో నాలుగు రేకుల ఆకులు ఒలోకున్ లోకానికి, అంటే నీటికి, గుర్తు. మధ్యలో పెద్దగా ఉన్నవాడు ఓబా, పక్కవాళ్ళు చిన్నగా ఉంటారు. దృష్టిక్రమం తెలియక కాదు, హోదా ప్రకారం. అతని చేతుల్ని ఇద్దరు పట్టుకుని ఉంటే అతను ముసలివాడనో రోగి అనో రాయకండి. ఒంటి మీది పగడాల బరువు అలాంటిది, పైగా రాజు బరువును పరివారం మోస్తుందన్న అర్థమూ ఉంది. 1897 నాటికి ఈ ఫలకాలన్నీ స్తంభాల నుంచి దించి ఒక కొట్టులో పేర్చి ఉన్నాయి. కనుక వాటిని వరసగా పెట్టి కథ చెప్పించడం కుదరదు.

ఇత్తడి చిరుతల విషయంలోనూ పేరు మారాలి. నెత్తి మీద మూత, ముక్కు రంధ్రాల్లోంచి నీటి ధార. పూజకు ముందు ఓబా చేతులు కడుక్కోవడానికి వాడిన పాత్ర. గిండి వంటిది. ‘చిరుత రూపంలో జలపాత్ర’ అంటే చాలు. అడవికి చిరుత ఎంతో ఇంటికి ఓబా అంత.

ఇడియా దంతపు ముఖాన్ని ‘మాస్క్’ అనగానే మనం ‘ముసుగు’ అంటున్నాం. 24 సెంటీమీటర్ల వస్తువు అది, ఎవరి ముఖానికీ తొడగలేరు. ఓబా నడుము దగ్గర వేలాడదీసే పతకం. ఇడియా పదహారో శతాబ్దం తొలినాళ్ళ ఓబా ఎసిగియే తల్లి. అన్నదమ్ముల పోరులోనూ, పొరుగు రాజ్యమైన ఇడా మీది యుద్ధంలోనూ కొడుకుకు అండగా నిలిచింది. అందుకు కృతజ్ఞతగా ఎసిగియే ఇయోబా పదవిని సృష్టించి ఉసెలులో ఆమెకు ప్రాసాదం ఇచ్చాడు. పతకం నెత్తిన కిరీటంలా వరసగా ఉన్నవి గడ్డాల పోర్చుగీసు తలలు. సముద్రం దాటి సంపదతో వచ్చినవాళ్ళు కనుక ఒలోకున్ మనుషులు. నుదుటి మీద రెండు నిలువు గాట్లలోనూ కనుపాపల్లోనూ ఇనుము పొదిగారు. ఈ రకం పతకాల్లో ఒకటి లండన్‌లో, ఒకటి న్యూయార్క్‌లో ఉన్నాయి. 1977లో నైజీరియాలోని లాగోస్‌లో జరిగిన ఆఫ్రికా కళల ఉత్సవానికి లండన్ పతకాన్నే చిహ్నంగా పెట్టుకున్నారు. అరువు అడిగితే బ్రిటిష్ మ్యూజియం ఇవ్వలేదు. నకలు చేయించుకున్నారు.

1897ను రెండు మూడు వాక్యాల్లో రాయాల్సి వస్తే మీ చెయ్యి ‘శిక్షా దండయాత్ర’ అని రాస్తుంది. అది దండెత్తినవాళ్ళు పెట్టుకున్న పేరు. వరస ఇది. 1896 నవంబరులో బ్రిటిష్ తాత్కాలిక కాన్సుల్ జనరల్ ఫిలిప్స్, ఓబాను దించేయడానికి అనుమతి కోరుతూ లండన్‌కు రాశాడు. రాజు ఇంట్లో దొరికే దంతంతో ఖర్చులు గట్టెక్కవచ్చన్న ఆశా అందులోనే ఉంది. జనవరిలో రాచ ఉత్సవ సమయంలో రావద్దని కబురు పెట్టినా బయల్దేరాడు. 4న దారిలో దాడి జరిగి అతని బృందంలో చాలామంది చనిపోయారు, యూరోపియన్లలో ఇద్దరే బయటపడ్డారు. ఫిబ్రవరి 18న అడ్మిరల్ రాసన్ నాయకత్వంలో సుమారు 1200 మంది సైన్యం నగరాన్ని పట్టుకుంది. మూడు రోజులకు నగరం, ప్రాసాదం తగలబడ్డాయి. గద్దెల మీది వస్తువులు వేల సంఖ్యలో ఓడలెక్కాయి. ఓబా ఓవొన్‌రామ్వెన్‌ను కాలబార్‌కు ప్రవాసం పంపారు, 1914లో అక్కడే కన్నుమూశాడు. పదిహేడేళ్ళు గద్దె కట్టేవాడు లేడు, పోతకు పిలిచేవాడు లేడు. 1914లో కొడుకు రెండో ఎవెకా గద్దెనెక్కి చిన్న ప్రాసాదాన్ని తిరిగి కట్టాడు.

నరబలి గురించి దాటేయమని మేము అనడం లేదు. ఉండేది. 1897 ప్రారంభంలో దండు వస్తోందని తెలిసి భయంతో ఇచ్చినవి మరీ ఎక్కువ. ఆ సంగతి రాయండి, అది దండయాత్రకు కారణం కాదనీ రాయండి. కారణం వ్యాపారం.

ఇక్కడ అమరావతి గుర్తొస్తుంది. బ్రిటిష్ మ్యూజియంకి వెళ్ళే తెలుగువాళ్ళు అమరావతి రాళ్ళ ముందు ఫొటో దిగి, కింది అంతస్తులో నిలువు కడ్డీల మీద బిగించిన బెనిన్ ఫలకాలను దాటిపోతారు. రెంటినీ ఒకే గాటన కట్టకండి. అమరావతి స్తూపం అప్పటికే పూజలు ఆగి శిథిలమైనది. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. బెనిన్‌లోనివి నిన్నటిదాకా పూజలందుకున్న గద్దెల మీంచి సైనికులు తీసుకున్నవి. మన రాళ్ళ గురించి అడగడానికి మనకు వేరే వాదనలున్నాయి, వాళ్ళ వాదన అరువు తెచ్చుకోనక్కర్లేదు.

తిరిగిచ్చిన లెక్కలు రాసేటప్పుడు యాజమాన్యం మారడమూ వస్తువు చేరడమూ వేర్వేరని గుర్తుంచుకోండి. 2022 జులైలో జర్మనీ వెయ్యికి పైగా వస్తువుల మీద హక్కును నైజీరియాకు బదిలీ చేసింది. ఆ డిసెంబరులో చేరినవి సుమారు ఇరవయ్యే. బెర్లిన్ సేకరణలో మూడో వంతు దాకా అరువు పద్ధతిన అక్కడే ఉంది. నెదర్లాండ్స్ 2025లో 119 వస్తువులు ఇచ్చింది. బ్రిటిష్ మ్యూజియం దగ్గర తొమ్మిది వందలకు పైగా ఉన్నాయి, సేకరణలోని వస్తువులను వదులుకోనివ్వని 1963 నాటి చట్టాన్ని అడ్డం చూపుతోంది. 2023 మార్చిలో నైజీరియా అధ్యక్షుడు ఈ వస్తువుల యజమాని ఓబాయేనని ప్రకటించారు. దాంతో యూరప్‌లో కొందరు ‘జాతి సంపద ఒక కుటుంబానికి పోయింది’ అని వాపోయారు. గద్దె సంగతి తెలిసినవాడు వాపోడు, కనీసం అంత తొందరగా వాపోడు. ఆ తలలను చేయించింది కొడుకు, తండ్రి కోసం. ఆ కొడుకు వరస ఇంకా ఉంది. మ్యూజియం కావాలా ప్రాసాదం కావాలా అన్న తగువు నైజీరియాలో నడుస్తోంది. అది వాళ్ళు తేల్చుకునేది.

చివరగా, ఒక తల ఫొటో కింద ఏం రాయాలో నమూనా పంపుతున్నాం. మార్చి వాడుకోండి:

‘ఓబా గద్దె మీది తల. సీసం కలిసిన ఇత్తడి, మైనపు పోత. ఇగున్ ఎరొన్‌మ్వొన్ పోతపనివాళ్ళు, బెనిన్ సిటీ (నైజీరియా), 19వ శతాబ్దం. దివంగత రాజు కోసం కొడుకు చేయించినది. నెత్తి మీది కంతలో చెక్కిన ఏనుగు దంతం నిలబెట్టేవారు. 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సైన్యం ప్రాసాదం నుంచి తీసుకుపోయింది.’

ఎత్తుతో పాటు బరువూ, అంచు మందమూ వేయడం మరవకండి. మా బోటివాళ్ళు ముందు చూసేది అవే.

ఇట్లు,
పోతపనీ కళాచరిత్రా తెలిసిన కొందరు